స్లంప్ 150 వచ్చింది, లైన్ మాత్రం రెండుసార్లు జామ్ అయింది: ముందే పసిగట్టే టెస్ట్ ఏదైనా ఉందా?

కొత్త_ఇంజినీరు · సోమవారం రాత్రి 9:42

అందరికీ నమస్కారం. సైట్‌లో చేరి ఏడాదిన్నర అయింది. మూడు శ్లాబులు ఏ ఇబ్బందీ లేకుండా పోశాం. నిన్న నాలుగోది పోస్తుంటే కాంక్రీటు పంపు లైన్ రెండుసార్లు జామ్ అయింది. మొదటిసారి రెడ్యూసర్‌లో (పైపు సన్నబడే చోట), రెండోసారి పైకి వెళ్ళే పైపు మొదట్లో ఉన్న బెండ్‌లో. విప్పి చూస్తే కంకర బిగుసుకుపోయి ఉంది. చుట్టూ గుజ్జు లేదు, తడి కూడా అంతంతమాత్రమే. గునపంతో పొడిచి తీయాల్సి వచ్చింది.

మిక్స్ డిజైన్ మారలేదు. ఘనపు మీటరుకు సిమెంటు 300 కిలోలు, ఫ్లైయాష్ (థర్మల్ ప్లాంటు బూడిద) 70, నీళ్ళు 170, 20 మి.మీ., 10 మి.మీ. కంకర, రోబో ఇసుక, సూపర్ ప్లాస్టిసైజర్ (నీళ్ళు పెంచకుండా కాంక్రీటును జారుడుగా చేసే రసాయనం). ప్రతి బండికీ స్లంప్ (కోన్ ఎత్తాక తడి కాంక్రీటు కుప్ప ఎన్ని మి.మీ. కుంగిందో) నేనే తీశాను: 150, 145, 155. లైన్ 125 మి.మీ., అడ్డంగా 60 మీటర్లు, నిలువుగా 15.

మేనేజరేమో నీళ్ళు తక్కువయ్యాయంటారు. ఆపరేటరేమో కాంక్రీటే బాలేదంటాడు. ప్లాంటు వాళ్ళను అడిగితే "స్లంప్ మీరే చూసుకున్నారుగా" అన్నారు. ముగ్గురి మధ్యా నేను. పంపులోకి పోయకముందే ఇది వెళుతుందో లేదో చెప్పే పరీక్ష ఏదైనా ఉందా?

హాపర్_అన్న · సోమవారం రాత్రి 10:15

తమ్ముడూ, ముందు ఇది చెప్పు. క్లాంపు విప్పేముందు రివర్స్ కొట్టి ప్రెషర్ దించారా? దించకుండా విప్పితే లోపలున్నది మనిషి మొహం మీదికి వస్తుంది. నేను కళ్ళారా చూశాను, మళ్ళీ చూడాలని లేదు.

రెండోది, లైన్‌ని దేంతో తడిపారు? ఉత్త నీళ్ళు పంపి వెంటనే కాంక్రీటు వదిలే సైట్లు చాలా ఉన్నాయి. లెక్క వేసి చూడు. 75 మీటర్ల పైపు లోపలి గోడ దాదాపు 29 చదరపు మీటర్లు. 2 మి.మీ. పూత పట్టాలన్నా 60 లీటర్ల సిమెంటు గుజ్జు కావాలి. అది నువ్వు ఇవ్వకపోతే మొదటి కాంక్రీటులోంచి గోడే లాక్కుంటుంది. గుజ్జు పోయిన కంకర ముందు ఎక్కడ పైపు సన్నబడితే అక్కడ కూర్చుంటుంది.

కొత్త_ఇంజినీరు · సోమవారం రాత్రి 10:31

రివర్స్ కొట్టాకే విప్పారు అన్నా. ప్రైమింగ్ కూడా సిమెంటు, ఇసుక గుజ్జుతోనే చేశాం, మొదటి మూడు శ్లాబులకు చేసినట్టే. పైగా మొదటి జామ్ మూడో బండిలో వచ్చింది, మొదటి బండిలో కాదు.

హాపర్_అన్న · సోమవారం రాత్రి 10:34

అయితే లైన్ తప్పు కాదు. సరుకు చూసుకో.

పాత_క్యూబ్ · సోమవారం రాత్రి 11:05

ముప్పై ఏళ్ళుగా కాంక్రీటు పోయిస్తున్నాను. స్లంప్ 100 దాటి, ఇసుక 40 శాతం దాటితే పంపులో వెళ్ళకపోవడమంటూ ఉండదు. ఇప్పటి పిల్లలు ప్రతిదానికీ ఓ మిషను అడుగుతారు. కోన్ ఎత్తాక ఆ కుప్ప పళ్ళేన్ని కడ్డీతో పక్కనుంచి నాలుగుసార్లు తట్టండి. కుప్ప ఒక్కటిగా మెల్లగా జారితే మంచిది. పక్కకు విరిగిపడి కంకర బయటపడితే వెనక్కి పంపండి. అంతకు మించి ఏమీ అక్కర్లేదు.

ల్యాబ్_పిట్ట · మంగళవారం ఉదయం 7:20

పాత_క్యూబ్ గారూ, కుప్పను తట్టి చూడడం నిజంగా మంచి అలవాటు. మా ల్యాబ్‌లో కొత్తగా చేరిన వాళ్ళకు మొదట అదే నేర్పిస్తాం. కానీ ఆ కుప్ప మీద గాలి తప్ప వేరే ఒత్తిడి లేదు, పైపులో ఉంటుంది. తేడా అంతా అక్కడే.

ఒక సూది లేని సిరంజిలో తడి ఇసుక నింపి నొక్కి చూడండి. నీళ్ళు చుక్కలుగా బయటికి వచ్చేస్తాయి. ఇసుక మాత్రం అంగుళం కదలదు. ఎంత గట్టిగా నొక్కితే అంత బిగుసుకుంటుంది. మొన్న ఆ రెడ్యూసర్‌లో జరిగింది ఇదే.

పైపులో కాంక్రీటు మధ్యలో దిమ్మలా, దాదాపు ఒకే ముద్దగా జారుతుంది. గోడకు ఆనుకుని కొద్ది మిల్లీమీటర్ల మందాన గుజ్జు పొర ఉంటుంది. జారుడంతా ఆ పొరలోనే. పంపు ఇచ్చే ఒత్తిడిని లోపలున్న నీళ్ళు, గుజ్జు మోస్తున్నంతసేపు కాంక్రీటు ద్రవంలాగే నడుస్తుంది. పైపు పొడవు రెట్టింపైతే కావలసిన ఒత్తిడీ ఇంచుమించు రెట్టింపు, అంతే. నీళ్ళు రాళ్ళ సందుల్లోంచి ముందుకు పారిపోయాయంటే లెక్క మారిపోతుంది. రాయి రాయిని తాకుతుంది, ఆ బలం పక్కకు తిరిగి గోడను అదుముతుంది. అక్కడినుంచి ప్రతి మీటరుకీ రాపిడి మీద రాపిడి పెరుగుతూ పోతుంది. ఎంత పెద్ద పంపైనా దాన్ని తొయ్యలేదు.

కాబట్టి తెలుసుకోవలసింది ఒక్కటే: ఒత్తిడి పడినప్పుడు ఈ కాంక్రీటు తన నీళ్ళను పట్టుకుని ఉంటుందా, వదిలేస్తుందా? దీనికి ప్రెషర్ బ్లీడ్ టెస్ట్ ఉంది. 1977లో బ్రౌన్, బామ్‌ఫోర్త్ అనే ఇద్దరు అమెరికన్ కాంక్రీట్ ఇన్‌స్టిట్యూట్ జర్నల్‌లో రాసిన పద్ధతి. 1.7 లీటర్ల కాంక్రీటు పట్టే ఉక్కు సిలిండరు, పైన పిస్టను, చేత్తో కొట్టే హైడ్రాలిక్ పంపు, నీళ్ళు బయటికి రావడానికి సన్నటి జాలీ పెట్టిన కుళాయి. ఒత్తిడి 35 బార్‌కు తీసుకెళ్ళి కుళాయి తిప్పుతారు. 10 సెకన్లకు ఎన్ని మిల్లీలీటర్లు వచ్చాయో రాసుకుంటారు, అది వి10. మళ్ళీ 140 సెకన్లకు మొత్తం ఎంతో రాసుకుంటారు, అది వి140.

చాలామంది పొరబడేది ఇక్కడే. మొత్తం నీళ్ళు తక్కువ వస్తే మంచిది అనుకుంటారు. చూడవలసింది అది కాదు. మొదటి పది సెకన్లలోనే ఉన్న నీళ్ళన్నీ కక్కేసి, తర్వాత చుక్క రాకపోతే అది జామ్ అయ్యే సరుకు. మొదట బిగపట్టుకుని తర్వాత నెమ్మదిగా వదిలేది పంపుకు పనికొచ్చే సరుకు. అందుకే వి140లోంచి వి10 తీసేసి ఆ తేడా చూస్తారు. చైనా నిబంధనల్లో అయితే వి10ని వి140తో భాగించి, అది 40 శాతం దాటకూడదంటారు. రెండూ ఒకే సంగతిని రెండు వైపులనుంచి చెప్పడమే.

బెండ్‌లో_ఇరుక్కున్నోడు · మంగళవారం ఉదయం 7:48

"మొదట్లోనే ఉన్నదంతా కక్కేసి తర్వాత చుక్క రాల్చదు." మా ప్రాజెక్టు బడ్జెట్ గురించి చెప్తున్నారనుకున్నా.

పాత_క్యూబ్ · మంగళవారం ఉదయం 8:10

చదివాను. ఒప్పుకుంటాను, ఒత్తిడి సంగతి నేను ఆలోచించలేదు. కానీ బకెట్‌లో పోసి పావుగంట ఉంచితే పైన నీళ్ళు తేలతాయి కదా, అదీ నీళ్ళు వదిలేదో కాదో చెబుతుందిగా?

ల్యాబ్_పిట్ట · మంగళవారం ఉదయం 8:26

సగమే చెబుతుంది సార్. బకెట్‌లో నీళ్ళు తేలితే పంపులో కచ్చితంగా ఇబ్బందే. తేలకపోతే మాత్రం హామీ లేదు. బకెట్‌లో చుక్క నీరు తేలని మిక్స్ 35 బార్ దగ్గర పది సెకన్లలో 40 మి.లీ. వదలడం నేను చూశాను. ఫ్లో టేబుల్ మీద కూడా కొంత తెలుస్తుంది. 700 మి.మీ. పలకను 15 సార్లు ఎత్తి వదిలాక ముద్ద అంచు చుట్టూ నీటి వలయం కనిపిస్తే, లేదా గుజ్జు ముందుకు పాకి కంకర మధ్యలో గుట్టగా మిగిలితే, దాన్ని పంపు దరిదాపులకు రానివ్వకండి.

కొత్త_ఇంజినీరూ, ఇసుక జల్లెడ పట్టారా? మిక్స్ మారలేదన్నారు. మిక్స్ కాగితం మారలేదు, అంతవరకే నిజం. గుట్టలో ఉన్న ఇసుక మారిందేమో చూడండి. 300 మైక్రాన్ల జల్లెడ దాటేది 15 నుంచి 30 శాతం, 150 మైక్రాన్లది 5 నుంచి 10 శాతం ఉండాలని పంపింగ్‌కు సాధారణంగా చెప్పే లెక్క. రాళ్ళ సందుల్లోంచి నీళ్ళు పారిపోకుండా ఆపేది ఈ సన్నటి రేణువులే.

టవర్_క్రేను · మంగళవారం మధ్యాహ్నం 1:15

కొంచెం అడ్డం వస్తున్నాను. ఈ టెస్ట్‌ని దేవుణ్ణి చేయకండి. మేము ఎత్తైన భవనాలకు పంపేది తక్కువ నీళ్ళు, సిలికా ఫ్యూమ్ (మరీ మెత్తటి సిలికా పొడి), బోలెడంత సూపర్ ప్లాస్టిసైజర్ ఉన్న మిక్స్. దాన్ని సిలిండరులో పెట్టి నొక్కితే నీళ్ళు దాదాపు రావు. నీళ్ళను వదలదు కాబట్టి చూడ్డానికి బ్రహ్మాండం. కానీ పంపు గేజ్ చూస్తే గుండె ఆగుతుంది, ఎందుకంటే అది బంక. జామ్ అవదు, కదలడానికే మొరాయిస్తుంది.

ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలున్నాయి. ఒకటి, కాంక్రీటు పైపులో విడిపోతుందా? దానికి ప్రెషర్ బ్లీడ్ సరిపోతుంది. రెండు, విడిపోకపోయినా తొయ్యడానికి ఎంత ఒత్తిడి కావాలి? దానికి ఇది ఏమీ చెప్పదు. అక్కడ గోడ పక్కన ఉండే గుజ్జు పొర ఎంత చిక్కగా ఉందో కొలవాలి. అందుకు ట్రైబోమీటరు ఉంది: కాంక్రీటు మధ్యలో నున్నటి ఉక్కు సిలిండరును రకరకాల వేగాలతో తిప్పి, తిరగడానికి ఎంత బలం పట్టిందో చూస్తారు. స్లైపర్ అని ఇంకోటి ఉంది. అది నాకు ఇష్టం, ఎందుకంటే చూస్తేనే అర్థమవుతుంది. నిలువుగా కదలకుండా ఉన్న పిస్టను మీద కాంక్రీటు నింపిన పైపు ఉంటుంది. పైపును పైకెత్తి వదిలితే కాంక్రీటు ఉన్నచోటే ఉంటుంది, పైపు దాని చుట్టూ కిందికి జారుతుంది. పైపు మీద బరువులు పెంచుకుంటూ పోతే జారే వేగం పెరుగుతుంది. ప్రతిసారీ పిస్టను దగ్గర ఒత్తిడి ఎంతో సెన్సరు చెబుతుంది. వేగం, ఒత్తిడి గ్రాఫు గీస్తే ఆ గీత వాలును బట్టి మీ లైన్‌కు ఎన్ని బార్లు కావాలో అంచనా కట్టొచ్చు.

అన్నిటికంటే నమ్మకమైనది మాత్రం పైపే. బుర్జ్ ఖలీఫాకు పైకి పంపడం మొదలుపెట్టే ముందు నేల మీద 600 మీటర్ల పైపు పరిచి అందులో పంపి చూశారు. తర్వాత 606 మీటర్ల ఎత్తుకు పంపారు. పైకి వెళ్ళేకొద్దీ కంకర సైజు కూడా 20 నుంచి 14కు, అక్కడినుంచి 10 మి.మీ.కు తగ్గించారు.

ల్యాబ్_పిట్ట · మంగళవారం మధ్యాహ్నం 2:02

ఒప్పుకుంటున్నాను. కాకపోతే ఈ తమ్ముడిది 15 మీటర్ల ఎత్తు. నిలబెట్టిన కాంక్రీటు బరువే మీటరుకు పావు బార్‌కు కాస్త తక్కువ, అంటే మూడున్నర బార్. ఆయన పంపుకు అది లెక్కలోకి రాదు. ఇది మొదటి ప్రశ్నే, రెండోది కాదు.

హాపర్_అన్న · మంగళవారం సాయంత్రం 6:40

గేజ్ మాట వచ్చింది కాబట్టి చెప్తున్నా. పంపు మీద కనిపించేది నూనె ప్రెషరు, కాంక్రీటు ప్రెషరు కాదు. నూనె పిస్టను వైశాల్యాన్ని కాంక్రీటు పిస్టను వైశాల్యంతో భాగించి, దాంతో గేజ్ అంకెను గుణిస్తే అసలు సంగతి తెలుస్తుంది. గేజ్ 180 చూపిస్తే పైపులోనూ 180 ఉందనుకుని భయపడ్డ ఇంజినీర్లను చూశాను. 60 కూడా ఉండదు ఒక్కోసారి.

కానీ ఆ అంకె కంటే అది కదిలే తీరు చూడు. ప్రతి స్ట్రోకుకీ ఒకేచోట ఆగితే మంచిది. స్ట్రోకు స్ట్రోకుకీ కొంచెం కొంచెం ఎక్కుతూ పోతుంటే ఎక్కడో కంకర కూర్చుంటోందన్నమాట. అప్పుడే రెండు స్ట్రోకులు రివర్స్ కొట్టి హాపర్‌లో (పంపు తొట్టిలో) కలిపి మళ్ళీ తోస్తే సగం జామ్‌లు తప్పుతాయి. మొన్న మీవాడు గేజ్ చూశాడా, ఫోన్ చూశాడా?

కొత్త_ఇంజినీరు · మంగళవారం రాత్రి 8:55

(ఫోన్ సంగతి అడగకన్నా.)

ఇసుక జల్లెడ పట్టించాను. మూడో శ్లాబుకు ముందు తీసిన రిపోర్టుతో పోల్చి చూస్తే తల తిరిగింది. 300 మైక్రాన్ల జల్లెడ దాటింది అప్పుడు 21 శాతం, ఇప్పుడు 11. 150 మైక్రాన్లది అప్పుడు 10, ఇప్పుడు 3. ప్లాంటుకు ఫోన్ చేస్తే చావుకబురు చల్లగా చెప్పారు: "ఇసుక పంపేవాళ్ళు పోయిన వారం నుంచి కడిగి పంపుతున్నారండీ, క్వాలిటీ పెరిగింది." దుమ్ముతో పాటు సన్నదంతా కడిగేశారు!

ఒక్కటి అర్థం కావట్లేదు. సన్నది అంత పోతే స్లంప్ మారాలి కదా? అదే 150 ఎలా వచ్చింది?

ల్యాబ్_పిట్ట · మంగళవారం రాత్రి 9:20

దొరికాడు దొంగ. స్లంప్ ఎందుకు మారలేదంటే, సన్నటి పొడి తగ్గితే తడవాల్సిన ఉపరితలం తగ్గుతుంది. అంటే అవే నీళ్ళకు స్లంప్ పెరగాలి. ప్లాంటు ఆపరేటరు స్లంప్ ఎక్కువవుతోందని అడ్మిక్స్చర్ (ఆ సూపర్ ప్లాస్టిసైజరే) తగ్గించి 150కి తెచ్చి ఉంటాడు. బ్యాచ్ రిపోర్టు తెప్పించి చూడండి. మీ కోన్‌కు మిక్స్ మునుపటిలాగే కనిపించింది, లోపల నీళ్ళను పట్టుకునేవాళ్ళు లేరు.

మేనేజరు గారు చెప్పినట్టు నీళ్ళు పోసి ఉంటే మూడో జామ్ కూడా అయ్యేది. పారిపోయే నీళ్ళకు ఇంకొన్ని తోడిచ్చినట్టే కదా. పైగా క్యూబులు (బలం పరీక్షించే దిమ్మలు) పోయేవి.

ఆ సిలిండరు ఎక్కడైనా దొరికితే ఒకసారి నొక్కి చూడండి. శాంపిల్ బండిలోంచి మొట్టమొదట పడే దాన్నుంచి కాకుండా, కొంత వదిలేశాక పట్టండి. ప్లాంటు దగ్గర కాదు, పంపు దగ్గర. బండి దారిలో గడిపిన సమయం కూడా పరీక్షలో భాగమే.

పాత_క్యూబ్ · మంగళవారం రాత్రి 9:41

కడిగిన ఇసుక మంచిదని నేనే పది సైట్లలో చెప్పాను. బలానికి మంచిదే మరి. ఇప్పుడేం చేయమంటారు, కడగని ఇసుక తెమ్మంటారా? దాంట్లో మట్టి ఉంటే?

ల్యాబ్_పిట్ట · మంగళవారం రాత్రి 9:58

రాతి పొడి వేరు, మట్టి వేరు సార్. రాతి పొడి పంపుకు మిత్రుడే, మట్టి ఎవరికీ కాదు. కడగడం వల్ల రెండూ పోయాయి. మట్టి పోవడం మంచిదే, పొడిని వేరే దారిలో తిరిగి తెచ్చుకోవాలి. రెండు దారులున్నాయి: ఇసుకలో కొంత భాగం సన్నటి నది ఇసుకతో మార్చడం, లేదా ఫ్లైయాష్ పెంచడం.

టవర్_క్రేను · మంగళవారం రాత్రి 10:20

నేనైతే ఫ్లైయాష్‌కే ఓటు. గుండ్రటి రేణువు, నున్నగా జారుతుంది. ఇసుక గుట్టలు రెండు పెట్టుకుంటే ఏ గుట్టలోంచి ఎంత తీశారో అనే తలనొప్పి ఇంకోటి.

ల్యాబ్_పిట్ట · మంగళవారం రాత్రి 10:33

ఫ్లైయాష్ ఒక్కదానితోనే సరిపెట్టాలంటే చాలా పోయాల్సి వస్తుంది. దాని రేణువులు మరీ సన్నం. ఇక్కడ ఖాళీ ఉన్నది 150 నుంచి 300 మైక్రాన్ల మధ్య కూడా. మెట్లలో రెండు మెట్లు ఊడిపోతే కిందమెట్టు ఎంత వెడల్పు చేసినా కాలు జారుతుంది. రెండూ కొంచెం కొంచెం కలపడమే నా సలహా.

కొత్త_ఇంజినీరు · శనివారం సాయంత్రం 5:30

ఆలస్యానికి క్షమించండి. పక్క ప్రాజెక్టు ల్యాబ్‌లో ప్రెషర్ బ్లీడ్ సిలిండరు ఉందని తెలిసి బతిమాలి రెండు రోజులు తెచ్చుకున్నాను.

మొన్న జామ్ అయిన మిక్స్‌నే మళ్ళీ కలిపించి నొక్కాను. వి10 38 మి.లీ., వి140 70. అంటే 54 శాతం మొదటి పది సెకన్లలోనే బయటికి. తేడా 32. కుళాయి తిప్పగానే నీళ్ళు చిమ్మాయి, కాసేపటికి ఏమీ లేదు. కళ్ళముందు చూస్తే గానీ నమ్మబుద్ధి కాలేదు.

తర్వాత ఇసుకలో ఐదో వంతు సన్నటి నది ఇసుక, ఫ్లైయాష్ 25 కిలోలు ఎక్కువ, నీళ్ళు అంతే, అడ్మిక్స్చర్ పాత మోతాదుకు. వి10 22, వి140 79. 28 శాతం, తేడా 57. స్లంప్ 145.

చూశారా, స్లంప్ దాదాపు అదే!

ఇవాళ మిగిలిన భాగం పోశాం. పదకొండు బండ్లు, ఒక్క జామ్ లేదు. మధ్యలో కరెంటు పనివాళ్ళ కోసం ఇరవై నిమిషాలు ఆగాల్సి వచ్చింది, అప్పుడు గుండె దడదడలాడింది. ఆపరేటరు ఐదు నిమిషాలకోసారి రెండు స్ట్రోకులు వెనక్కీ ముందుకూ ఆడించాడు, మళ్ళీ మొదలుపెట్టగానే సాఫీగా వెళ్ళింది. ఫోన్ జేబులోనే ఉంది, నేను గమనించాను.

హాపర్_అన్న · శనివారం రాత్రి 7:12

శభాష్ తమ్ముడూ. గేజ్ ఎంత చూపించింది?

కొత్త_ఇంజినీరు · శనివారం రాత్రి 7:20

మొదటి మూడు శ్లాబులకు రాసుకున్న అంకె కంటే ఓ పది బార్లు ఎక్కువే అన్నా. కానీ స్ట్రోకు స్ట్రోకుకీ ఒకేచోట ఆగింది.

టవర్_క్రేను · శనివారం రాత్రి 7:45

అది పెంచిన పొడి తాలూకు బంకతనం. 15 మీటర్లకు పట్టించుకోకండి. ఇదే మిక్స్‌ని ఇరవయ్యో అంతస్తుకు తీసుకెళ్ళేటప్పుడు మాత్రం మళ్ళీ ఇక్కడికి రండి, రెండో ప్రశ్న మాట్లాడుకుందాం.

పాత_క్యూబ్ · శనివారం రాత్రి 8:30

ఆ సిలిండరు తిరిగి ఇచ్చేశావా బాబూ? సోమవారం దాకా ఉంచుకోగలిగితే ఓసారి మా సైట్‌కు తేగలవా. మాదీ కడిగిన ఇసుకే.